తెరకు అటు తాత, ఇటు బాపు

మా కాలనీ మైదానంలో తండ్రీకొడుకుల ఒళ్ళు తారుమారయ్యే హిందీ సినిమా ఆడిన తర్వాత, జనం చాలా రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. ఒకరి ప్రాణం ఇంకొకరి ఒంట్లోకి ఎట్లా దూరుతుంది, తండ్రి మాటలు కొడుకు నోట్లోంచి ఎట్లా వస్తాయి అని బొగ్గుబాయి దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ అదే చర్చ. నాకు మాత్రం ఏ వింతా కనిపించలేదు. ఆ పని నేను మా ఇంట్లో అప్పటికే కొన్నేళ్ళుగా చేస్తున్నాను. సినిమాలో చేసినవాళ్ళకు జీతం ఇచ్చి ఉంటారు. నాకు చాయ్ కూడా పోయలేదు.

సంగతేమిటంటే, మా తాతా, ఆయన కొడుకైన మా బాపూ మాట్లాడుకోరు. ఉండేది ఒకే ఇల్లు. బొగ్గుబాయి కంపెనీ ఇచ్చిన క్వార్టర్, ముందొక గది, వెనకొక గది, నడుమ తలుపు లేని గుమ్మం. గుమ్మానికి అటు తాత మంచం, ఇటు బాపు మంచం. ఒకరు గట్టిగా దగ్గితే ఇంకొకరి దుప్పటి కదులుతుంది. అంత దూరం మాట ప్రయాణం చేయడానికి ఒక బండి కావాలి. ఆ బండిని నేను.

మాటలు ఆగిపోయిన కథ వింటే, ఏదో ఘోరం జరిగి ఉంటుందని ఆశపడ్డవాళ్ళకు నిరాశే. మాది లక్సెట్టిపేట దిక్కు పల్లె. తాతది వ్యవసాయం. బాపు నాగలి విడిచి బొగ్గుబాయిలో చేరాడు. తాత కొన్నాళ్ళు ఊళ్ళోనే ఉండి అలిగాడు. దూరం నుంచి అలిగితే కొడుక్కు కనబడటం లేదని తోచిందో ఏమో, ఒకసారి కాపురం చూసే వంకతో కాలనీకి వచ్చాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, వేడివేడిగా అన్నం పెట్టింది. ఆయన కంచం ముందు కూర్చుని గోడల వంక చూశాడు.

"గీ ఇల్లు ఎవలది?"

"కంపెనీది," అన్నాడు బాపు.

"గా దీపం?"

"కంపెనీదే."

"నీళ్ళు?"

"నల్లా గూడ కంపెనీదే, నాయినా. తిను, సల్లారుతది."

"అయితె నువ్వు గూడ కంపెనీ కొడుకువే. నా కొడుకువు కావు."

బాపు రాత్రి షిఫ్టు చేసి అప్పుడే వచ్చి ఉన్నాడు. నిద్ర లేని మనిషి మర్యాద ఎంత ఉంటుందో అంతే ఉంది. "అట్లయితె నువ్వు కంపెనీ ఇంటికి చుట్టమొచ్చినవ్. తిని పో," అన్నాడు.

తాత కంచం ముందు నుంచి లేచాడు. అంతే. ఇంతమాత్రానికే రాజ్యాలు కూలిపోయాయని పెద్దలు కథలు చెబుతారు. మా ఇంట్లో కూలింది ఒక పప్పు గిన్నె.

తర్వాత నాయనమ్మ పోయింది. ఊళ్ళో తాత ఒంటరివాడయ్యాడని బాపు వెళ్ళి తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడంటే, ఎడ్లబండిలో ముందు బాపు, వెనక తాత, నడుమ నేను. "ఎక్కుమని చెప్పు," అన్నాడు బాపు. "ఎక్కుతున్న అని చెప్పు," అన్నాడు తాత, అప్పటికే ఎక్కి కూర్చుని. నా ఉద్యోగం ఆ బండిలోనే మొదలైంది. దరఖాస్తు పెట్టుకున్న గుర్తు లేదు.

కంపెనీ బువ్వ తినకూడదన్న పట్టుదలతో తాత తన పొలం జొన్నలు బస్తాలకెత్తి వెంట తెచ్చుకున్నాడు, అయిపోతే ఊరి నుంచి తెప్పించుకునేవాడు. అవ్వ ఆయనకు వేరుగా రొట్టె చేసేది. కంపెనీ బొగ్గు మీద, కంపెనీ నీళ్ళతో కలిపిన పిండి. ఈ ముక్క నేనొకసారి ఎత్తబోతే అవ్వ నా కాలి మీద కాలేసి తొక్కింది.

మాట మోసే పనికి తాత ఒక నియమం పెట్టాడు. "మాటను కల్తీ చెయ్యద్దు. పాలల్ల నీళ్ళు పోసినట్టు, తాత గిట్లన్నడు, తాత గట్లన్నడు అనద్దు. నేనెట్లంటె అట్లనే అను." అంటే తాత మాట మోసేటప్పుడు నేను తాతను. బాపు మాట మోసేటప్పుడు నేను బాపును. గుమ్మంలో నిలబడి కన్నతండ్రిని, "ఏరా, చెవులల్ల బొగ్గు నిండిందారా? పిలుస్తె పలుకవ్," అని అడిగే భాగ్యం ఆ కాలనీలో నా ఒక్కడికే దక్కింది. బాపు పళ్ళు నూరేవాడు. కొట్టడానికి వీల్లేదు. కొడితే తండ్రి మీద చేయి ఎత్తినట్టు. మరుక్షణం అటు తిరిగి ముసలాయనను, "నాయినా, జర తానం చెయ్యరాదు, ఇల్లంత చుట్టకంపు కొడుతున్నది," అనాలి. తాత చేతికర్ర ఎత్తి, కొడుకు మాటకు మనవడి వీపు జవాబు కాదని గుర్తొచ్చి దించేవాడు.

ఇద్దరికీ వేడెక్కిన రోజుల్లో నా మెడ అటూ ఇటూ తిరిగి తిరిగి, ఎవరి మాట ఎవరికి చెబుతున్నానో తప్పిపోయేది. ఒకసారి తాత తిట్టిన తిట్టు తాతకే అప్పజెప్పాను. ఆయన దానికీ జవాబిచ్చాడు, ఇంకా పెద్ద తిట్టుతో.

"వీళ్ళిద్దరి తలకాయలు పట్టుకొని ఒకసారి గట్టిగ గుద్దాలె," అనేది అవ్వ పిండి పిసుకుతూ. "అయితె పగులుతయి, లేకుంటె కుదురుతయి."

అన్నట్టు, బాపు పని తాడు ఇంజను దగ్గర. బాయిలోపల ఉన్నవాళ్ళు గంట కొడితే ఈయన ఇంజను తిప్పి బొగ్గు టబ్బులు పైకి లాగుతాడు, మళ్ళీ గంట కొడితే ఆపుతాడు. గంట కొట్టినవాడి ముఖం ఏనాడూ చూడడు. ముఖం చూడకుండా మాట అందుకోవడం ఆయనకు బాయిలో ఉద్యోగం, ఇంట్లో అలవాటు.

ఇట్లా సుఖంగా గడిచిపోతుండగా తాత కళ్ళకు పొర వచ్చింది.

ఆయన చాలా కాలం ఒప్పుకోలేదు. కంపెనీవాళ్ళు కరెంటు తక్కువ వదులుతున్నారని తిట్టాడు. పగటి పూట కూడా మసకగా ఉండేసరికి ఎండను కూడా కంపెనీయే నడుపుతోందా అన్న అనుమానం దాకా వచ్చాడు. కంపెనీ ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్ళి, వచ్చేటప్పుడు పక్క క్వార్టర్లోకి దూరి, వాళ్ళ మంచం మీద కూర్చుని, వాళ్ళ పిల్లవాణ్ణి నేననుకుని, "మీ బాపుకు చెప్పు," అంటూ మొదలుపెట్టాడు. పక్కింటామె చాయ్ పోసి, చేయి పట్టుకుని తీసుకొచ్చి దింపింది.

"గదే చెప్తున్న," అన్నాడు తాత, తప్పు తనది కాదన్నట్టు. "ఇండ్లు ఒక్క తీరు, పిలగాండ్లు ఒక్క తీరు. ఎవలు ఎవలకు కొడుకో ఎట్ల తెలుస్తది?"

అందరం నవ్వాం. తర్వాత ఆయన పీట అంచును రొట్టె అనుకుని తుంచబోయాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అవ్వ పొయ్యి వైపు తిరిగిపోయింది.

కంపెనీ దవాఖాన కాంపౌండరు చూసి, ఒక కన్ను ఇప్పటికే ఆలస్యమైపోయిందనీ, రెండోది ఇంకా చేతిలో ఉందనీ చెప్పాడు. కరీంనగర్ మిషన్ దవాఖానకు దూరదేశం నుంచి కళ్ళ డాక్టరు వచ్చి ఉన్నాడు, ఆదివారంతో వెళ్ళిపోతాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు, అంతలో ఈ పొర ముదిరిపోతే కోసినా లాభం ఉండకపోవచ్చు. కాంపౌండరు ఇదంతా నాతో చెప్పాడు. ఇంటికొచ్చి నేను ఇద్దరితో విడివిడిగా చెప్పాను. ఇద్దరూ విన్నారు. ఎవరి షరతు వాళ్ళు పెట్టారు.

"వాని నోటితోని వాడు, నాయినా దవాఖానకు పోదాం రా, అంటె పోత," అన్నాడు తాత. "నీ నోటితోని కాదు. నీ నోరు సర్కారు నల్లా తీరు, ఎవలు తిప్పితె వాళ్ళకు పోస్తది."

గుమ్మంలో ఇటు తిరిగి చెప్పాను. నల్లా ముక్కతో సహా. కల్తీ చేయకూడదు కదా.

"కంపెనీ కొడుకన్న మాట వాపస్ తీసుకొమ్మను," అన్నాడు బాపు. "గప్పుడు అడుగుత."

అటు తిరిగాను.

"మాట వాపస్ తీసుకునుడేంది? అంగట్ల తెచ్చిన కుండనా?" అన్నాడు తాత. "నాకు ఏ డాక్టరొద్దు. కొండగట్టు అంజన్నకు మొక్కిన. ఆయన చూసుకుంటడు."

ఇటు తిరిగాను.

"అంజన్న కత్తి పట్టి కండ్లు కోస్తడా అని అడుగు."

దేవుడి విషయం కనుక ఇది మోయాలా వద్దా అని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. ఈలోగా అటు నుంచి తాత, "ఇన్న. చెవులు మంచిగనే ఉన్నయని చెప్పు," అన్నాడు.

అలా శుక్రవారం వచ్చింది. శుక్రవారం మైదానంలో సినిమా.

మైదానంలో రెండు గుంజలు పాతి నడుమ తెల్లటి గుడ్డ కట్టేవారు. ముందువైపు ఆఫీసర్లకు కుర్చీలు, వాళ్ళ వెనక కార్మికుల చాపలు. గుడ్డకు వెనకవైపు, వాగు అవతలి క్వార్టర్ల లైన్లవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు, ఆఫీసర్ల కంటబడితే ఏ పని చెబుతారో అని భయపడేవాళ్ళు. గుడ్డ కనుక బొమ్మ వెనకకు కూడా కనిపిస్తుంది, కాకపోతే కుడి ఎడమలు తారుమారై. వెనక కూర్చునే వాళ్ళ లెక్కలో సినిమా హీరోలందరూ ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో అన్నం తింటారు, ఎడమ చేత్తో గురువుకు ఫలం ఇస్తారు. బొంబాయి మర్యాదలు అంతే కాబోలని వాళ్ళు సరిపెట్టుకున్నారు. దీని మీద ముందువైపు వాళ్ళతో వాదన పడి చొక్కాలు చించుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

బాపు ముందువైపు కూర్చుంటాడు కనుక తాత, కళ్ళు బాగున్న రోజుల నుంచీ, వెనకవైపే కూర్చునేవాడు. ఇది అలక కాదు, అక్కడ గాలి బాగా వస్తుందని చెప్పేవాడు.

సినిమాలేమో హిందీవి. గోరఖ్‌పూర్ నుంచి వచ్చి బాయిలో పనిచేసేవాళ్ళకు ఇబ్బంది లేదు. మిగతావాళ్ళకు అర్థం కాదు. నేను నిజాం రాజ్యం చివరి రోజుల్లో బడిలో చేరి, నాలుగు తరగతులు ఉర్దూలో చదివినవాణ్ణి. ఆ తర్వాత రాజ్యం మారింది, బడి తెలుగైంది, చివరకు రాష్ట్రమే మారింది, కానీ నా ఉర్దూను ఎవరూ వాపసు అడగలేదు. ఆ పుణ్యాన, సినిమాలు వేయించే కంపెనీ క్లబ్బు గుమాస్తా నా చేతికి రేకు బాకా ఒకటి ఇచ్చి, గుంజ పక్కన స్టూలు వేయించి, "నడుమ నడుమ తెలుగుల చెప్పు," అన్నాడు. ఇటు తిరిగి ముందువాళ్ళకు, అటు తిరిగి వెనకవాళ్ళకు. ఇంట్లో గుమ్మం, ఇక్కడ గుంజ. నా మెడకు విశ్రాంతి ఎక్కడా దొరకలేదు.

ఆ రోజు సినిమాలో ఒక బట్టల దుకాణం సేటు, కాలేజీలో చదివే కొడుకు. ఇద్దరికీ క్షణం పడదు. మంచం ఎవరిదని గుంజుకుంటూ వంగేసరికి తలకాయలు రెండూ ఢీకొంటాయి. అంతే, తండ్రి ప్రాణం కొడుకు ఒంట్లోకి, కొడుకు ప్రాణం తండ్రి ఒంట్లోకి. ఆడవాళ్ళ వైపు నుంచి అవ్వ, "నేను ముందే చెప్పిన," అనడం నాకు స్టూలు మీదికి వినిపించింది.

అక్కడి నుంచి మైదానంలో గందరగోళం మొదలైంది. నేను బాకా ఎత్తి, "గిప్పుడు ముసలాయన ఒంట్ల ఉన్నది పిలగాడు. పిలగాని ఒంట్ల ఉన్నది ముసలాయన," అని చెప్పాను.

"మరి దుకాణంల కూసున్నది ఎవడు?" అన్నాడు చాప మీద నుంచి ఒకాయన.

"ఒల్లు తండ్రిది. లోపల కొడుకు."

"రేపు బాయిల గిట్లయితె హాజరు ఎవలకు పడుతది?"

"పెండ్లాం ఎవలకు పడుతదో అది చెప్పు ముందు," అన్నాడు ఇంకొకాయన. క్లబ్బువాళ్ళ బాకాలోంచి అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను.

గందరగోళం లేనిది ఒక్క తాతకే. ఆయనకు తెర మీద తెలుపూ నలుపూ మరకలు తప్ప ముఖాలు ఆనడం లేదు. "తిట్టేటోడు తండ్రి. తిట్టిచ్చుకునేటోడు కొడుకు," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. "మొఖాలతోని మీకేం పని?" వెనకవైపు జనం నన్ను వదిలేసి ఆయననే అడిగి కథ తెలుసుకోవడం మొదలుపెట్టారు. మొదటిసారి నా ఉద్యోగానికి ఎసరు వచ్చినట్టు అనిపించింది.

సగం సినిమా అయింది. తెర మీద కొడుకు ఒంట్లో ఉన్న తండ్రి సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి ఒంట్లో ఉన్న కొడుకు గల్లా దగ్గర కూర్చుని జిలేబి తింటున్నాడు. సైకిలు పట్టుకున్నవాడు హిందీలో అన్నది, జిలేబి ఆపి గిరాకీ చూడమని. నేను బాకా ఎత్తి, "నాయినా, కరీంనగర్ దవాఖానకు పోదాం రా. కండ్లు చూపిచ్చుకుందాం," అన్నాను.

గొప్ప ఉపాయం పన్నానని చెప్పుకోవచ్చు కానీ, అంత లేదు. ఆదివారం దగ్గరపడింది, ఆ మాట చెప్పాల్సినవాడు చెప్పడం లేదు, నా చేతిలో బాకా ఉంది.

"సేటుకు కండ్లకేమైంది?" అన్నాడు హాజరు గురించి అడిగినాయన. "జిలేబి మంచిగనే కనబడుతున్నది గదా."

"మొదట్ల చెప్పుడు మరిచిపోయిన," అన్నాను.

వెనక నుంచి తాత గొంతు వచ్చింది. "రానని చెప్పు."

అలవాటు కొద్దీ ఇటు తిరిగి, "రాను," అన్నాను బాకాలో. తెర మీద సేటు ఇంకో జిలేబి అందుకున్నాడు.

"ఎందుకు రావో అడుగు," అన్నాడు ముందు నుంచి బాపు.

నేను అటు తిరగలేదు. బాకా ఒళ్ళో పెట్టుకుని సినిమా చూడసాగాను. అంతదాకా నేను మాట మోయకుండా ఉన్నది లేదు. అటు తాత ఎదురుచూశాడు, ఇటు బాపు ఎదురుచూశాడు. మాట నడుమ రోడ్డు మీద నిలిచిపోయింది.

చివరకు బాపు చాప మీద నుంచి లేచి నిలబడ్డాడు. గంట వినబడకపోతే ఇంజను దగ్గర కూడా అట్లాగే లేచి నిలబడతాడట. తాతను కాదు, తెర మీది మనిషిని పిలిచాడు. "ఓ సేటూ, నీ కొడుకు అడుగుతున్నడు గదా. పోతె ఏం పోయింది?"

"వాడడిగిండా?" అన్నాడు తాత తెర వెనక నుంచి, ఆయన కూడా సినిమాతోనే. "నోరు కొడుకుదే. లోపల ఉన్నది ఎవడో ఎట్ల తెలుస్తది? గిప్పుడే చెప్పిరి గదా, ఒల్లు ఒకనిది, ప్రాణం ఒకనిదని."

"లోపల గూడ కొడుకే. బాయిల పనిచేసినా, యాడ పనిచేసినా, కొడుకు కొడుకే."

సినిమాలో బాయి లేదు. అది మైదానంలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"మరి కంపెనీ కొడుకంటె గంత కోపమెందుకొచ్చె వానికి?" అన్నాడు తాత.

"ఎందుకు రాదు? రోషముండదా?"

తెర మీద సేటు భార్య వచ్చి ఎవరినో తప్పు మనిషిని కౌగిలించుకోబోయింది. ఎవరూ నవ్వలేదు, పాపం, ఆమె చాలా కష్టపడింది.

"కంపెనీ కొడుకైతె రోషం రాకపోతుండె," అన్నాడు తాత. "రోషమొచ్చిందంటె నా కొడుకే."

సరిగ్గా అప్పుడు రీలు అయిపోయింది. మిషను వెలుగు ఖాళీగా గుడ్డ మీద పడింది. నిలబడి ఉన్న బాపు నీడ దాని మీద నిలువెత్తున నల్లగా పరుచుకుంది. వెనకవైపు తాత తల ఎత్తి చూశాడు. ముఖాలు ఆనని కళ్ళకు ఆ నలుపు ఆనింది. ఆయన చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి, దాన్ని కిందినుంచి మీదికి చూస్తూ ఉండిపోయాడు. ఇక్కడ ఎవరైనా కవి ఉంటే నాలుగు కన్నీళ్ళు పెట్టించేవాడు. మా మైదానంలో ఉన్నది మా మైదానం జనం.

"ఓ అన్నా, జర కూసో," అన్నారు చాపల మీద నుంచి. "సినిమా అంత నీ వీపు మీద పడుతున్నది."

బాపు కూర్చున్నాడు. నీడ పోయింది. తెర వెనక నుంచి తాత మళ్ళీ అడిగాడు, "గా కరీంనగర్‌కు బండి ఎప్పుడున్నదట?"

"పొద్దుగాల. మంచిర్యాల నుంచి రైలు, పెద్దపల్లిల బస్సు," అన్నాడు బాపు.

బొంబాయి సేటుకు మంచిర్యాల రైలుతో ఏం పని అని ఎవరూ అడగలేదు. కొత్త రీలు ఎక్కింది. చివర్లో మళ్ళీ తలకాయలు ఢీకొని ఎవరి ఒంట్లోకి వాళ్ళు చేరుకున్నారు. మా చాపలవాళ్ళకు అది నచ్చలేదు. ఇట్లా కొట్టుకుంటే కుదిరేదానికి అంతసేపు తిప్పడం ఎందుకన్నారు.

పొద్దున అవ్వ ఒక మూటలో జొన్నరొట్టెలు, ఒక డబ్బాలో అన్నం కట్టింది. స్టేషన్లో తాత నన్ను దగ్గరికి పిలిచి, బాపు వినేటంత గట్టిగా చెవిలో చెప్పాడు. "నేను వానితోని మాట్లాడలే. సినిమాల పిలగానితోని మాట్లాడిన. గది యాద్ పెట్టుకో."

"నేను గూడ సేటుతోనే మాట్లాడిన అని చెప్పు," అన్నాడు బాపు.

"చెప్ప," అన్నాను. "ఇద్దరు ఇన్నరు."

దవాఖానలో రోగి వెంట ఒక్క మనిషినే ఉండనిస్తారట. కనుక నాకు టికెట్టు లేదు. రైలు కదిలింది. కిటికీలోంచి ఇద్దరూ నా వంకే చూశారు, మెలకువ వచ్చేసరికి బండివాడు దిగిపోయాడని తెలిసిన ప్రయాణికుల్లాగా. పెద్దపల్లి దాకా ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో, నాకు తెలియదు. ఆ ఒక్క ప్రయాణంలో ఏం జరిగిందో ఈ రోజుకూ ఎవరూ నాకు తర్జుమా చేసి చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజున అవ్వ నన్ను పంపింది. వార్డులో తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాపు ఎదురుగా స్టూలు మీద. తెల్లబట్టల సిస్టరమ్మ నెమ్మదిగా కట్టు విప్పి, పక్కకు జరిగింది. తాత కన్ను చికిలించాడు, నీళ్ళు కారనిచ్చాడు, తుడుచుకోబోతే సిస్టరమ్మ చేయి పట్టుకుంది. ఆయన చూపు వెళ్ళి వెళ్ళి బాపు ముఖం మీద ఆగింది. అలిగిన రోజుల్లో ముఖం తిప్పుకున్నాడు, అలక తగ్గే రోజులకు పొర కమ్మింది. కొడుకు ముఖాన్ని తాత సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలియదు. బాపు జుట్టు నెరిసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ కింద ముడతల్లో, ఎంత కడిగినా పోని బొగ్గు గీతలు.

"నాయినా," అన్నాడు తాత.

సిస్టరమ్మ నా వంక చూసింది, ముసలాయనకు మతి తప్పిందా అన్నట్టు.

"అచ్చం మా నాయిన తీరుగనే ఉన్నవ్ గదరా," అన్నాడు తాత మళ్ళీ, మెల్లగా. "గింత ముసలోనివి ఎప్పుడయినవ్?"

"నువ్వు చూడనప్పుడు," అన్నాడు బాపు.

ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు. గుమ్మం లేదు, గుంజ లేదు. నేను చేతిలో క్యారియరు పట్టుకుని నిలబడి ఉన్నాను, దించమని ఎవరూ అనలేదు. "మరి నేనెవల తీరుగున్న, తాతా?" అన్నాను.

తాత నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "నువ్వు అబద్ధాల తర్జుమాగాని తీరుగున్నవ్. గా సైకిలు పోరడు చెప్పింది గిరాకీ చూడుమని. నిజాం కాలంల నేను పోలీసు అమీన్లతోని, భూముల గిర్దావర్లతోని ఉర్దూలనే కొట్లాడిన. నాకు తెల్వదనుకున్నవా?"

ఇన్నేళ్ళూ తెర వెనక ఆయన కోసం గొంతు చించుకున్నాను. క్యారియరు నేనే దించుకున్నాను.

ఇంటికొచ్చాక మందపాటి అద్దాలు పెట్టుకుని తాత తన జొన్నరొట్టెను వెలుగుకు పెట్టి చూశాడు. పురుగు కనబడింది. పాత బస్తా. ఆ రోజు నుంచి కంపెనీ బువ్వ తినసాగాడు, బియ్యంలో రాళ్ళున్నాయని కంపెనీని తిడుతూ. కొడుకుతో మాటలు మొదలయ్యాయి కనుక ఇంట్లో శాంతి వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇదివరకు ప్రతి తిట్టూ నా దగ్గర కాసేపు ఆగి, సగం చల్లారి వెళ్ళేది. ఇప్పుడు నేరుగా, వేడివేడిగా. అప్పుడప్పుడు తాత, "మీ బాపుకు చెప్పు," అని మొదలుపెట్టి, గుర్తొచ్చి, నన్ను పొమ్మని చేయి ఊపేవాడు. గుమ్మంలో నిలబడటానికి నాకు కారణమే లేకుండా పోయింది. అలవాటు కొద్దీ నిలబడితే, వెలుతురుకు అడ్డమొస్తున్నానని ఇద్దరూ కలిసి తిట్టారు.

తర్వాతి సినిమాకు బాపు తాతను ముందువైపు తన చాప మీద కూర్చోబెట్టాడు. నేను స్టూలు మీద బాకాతో సిద్ధం. తాతకు ఎప్పటి నుంచో తెలిసిన హీరోనే. తెర మీద ఇల్లాలు విస్తరి వేసింది, హీరో కూర్చుని ముద్ద కలిపాడు.

తాత అద్దాలు సర్దుకున్నాడు. "వీడు వాడు కాదు."

"వాడే, నాయినా," అన్నాడు బాపు.

"వాడు ఎడమచెయ్యోడు. నేను ఎన్నేండ్ల సంది చూస్తలేనా? వీడు కుడిచేత తింటున్నడు. వేరేటోన్ని తెచ్చి పెట్టిండ్రు."

"నువ్వు ఎనుక నుంచి చూసినవ్. గందుకు."

"ఎనుక నుంచి చూస్తె మనిషి చెయ్యి మారుతదారా? నీకు ఎవలు చెప్పిండ్రు గిది? కంపెనీయా?"

నా చేయి దానంతటదే బాకా ఎత్తింది, ఎవరి మాట ఎవరికో మోయడానికి. "నువ్వు ఊకో," అన్నాడు బాపు. "మేం మాట్లాడుకుంటున్నం."

ఆఫీసర్లు వెనక్కి తిరిగి చూశారు. తాత లేచి నిలబడ్డాడు. "నడువు, చూపిస్త," అన్నాడు. బాపు లేచి ఆయన చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ గుంజ పక్క నుంచి, నా మోకాళ్ళు తోసుకుంటూ, తెర వెనక్కి వెళ్ళారు. కాసేపటికి వెనక నుంచి తాత గొంతు వచ్చింది.

"చూసినవా? ఎడమచెయ్యే."

"అవ్, ఎడమచెయ్యే," అన్నాడు బాపు.

సినిమా అయిపోయేదాకా వాళ్ళు ముందుకు రాలేదు. ముందువైపు చాప మీద ఎవరిదో కుక్క వచ్చి పడుకుంది.